అగనంపూడి ఆసుపత్రి బోర్డు మీద ఆ పేరు ఎవరిది? హోమీ భాభా జీవితం

వన్ టౌన్‌లో ఎవరింట్లోనైనా క్యాన్సర్ అని తేలితే ఒకప్పుడు రెండే మాటలు వినిపించేవి. ముందు కేజీహెచ్, అక్కడ కుదరకపోతే బొంబాయి టాటా. ఉన్న నగలు తాకట్టు పెట్టి, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దాదర్‌లో లాడ్జి వెతుక్కునేవాళ్లు. ఇప్పుడు మూడో మాట వచ్చింది, అగనంపూడి. గాజువాక దాటి, స్టీల్ ప్లాంట్ పక్కగా వెళ్తే టాటా మెమోరియల్ సెంటర్ వాళ్లే నడిపే ఆసుపత్రి ఉంది. మనవాళ్లు చాలామంది దాన్ని టాటా ఆసుపత్రి అనే అంటారు. బోర్డు మీద మాత్రం ఉన్నది హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అని.

ఆ పేరు గురించి నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. మా వీధిలో ఒక చాచా వల్ల ఆలోచించాల్సి వచ్చింది. పోర్టులో ముప్పై ఏళ్లు కళాసీగా చేసిన మనిషి. బీడీ అలవాటు. నెలల తరబడి దగ్గు తగ్గకపోతే ముందు మెడికల్ షాపు సిరప్, ఆ తర్వాత టీబీ మందులు. చివరికి స్కాన్‌లో తేలింది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని. ఆ వారంలోనే ఆయన కొడుకు ఫోన్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. జపాన్‌లో కార్బన్ కిరణం అని ఉందట, కోత లేదు, ఒక్క రోజులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మాయం చేస్తుందట. ఉన్న ఒక్క ఇల్లు అమ్మేద్దామా అన్నంత వరకు వెళ్లింది ఆ కుటుంబం. రిపోర్టర్‌ని కదా, నిజమో కాదో చూసి చెప్పమని నన్ను అడిగారు.

వెతుకుతూ పోతే కథ జపాన్ దగ్గర ఆగలేదు. అణువుల లోపలి కణాలను చదివిన ఒక మనిషికి, క్యాన్సర్ ఆసుపత్రికి సంబంధం ఏమిటో చెప్పే జీవితం ఒకటి దొరికింది. అదే మన అగనంపూడి బోర్డు మీద ఉన్న పేరు.

మేనత్తను తీసుకుపోయిన జబ్బు

హోమీ జహంగీర్ భాభా 1909 అక్టోబర్ 30న బొంబాయిలో పుట్టారు. పార్సీ కుటుంబం. దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత చిన్న సమాజం, చదువులోనూ వ్యాపారంలోనూ ముందున్న సమాజం. తాత హోర్ముస్జీ భాభా మైసూరు సంస్థానంలో విద్యాశాఖ పెద్ద. తండ్రి జహంగీర్ న్యాయశాస్త్రం చదివి టాటా కంపెనీల్లో పనిచేశారు. తండ్రి చెల్లెలు మెహర్‌బాయి. ఆమె భర్త సర్ దొరాబ్జీ టాటా, అంటే జంషెడ్‌జీ టాటా పెద్ద కొడుకు.

పిల్లాడు అంత పెద్దింటి వాతావరణంలో పెరిగాడు. ఇంట్లో పుస్తకాలు, పాశ్చాత్య సంగీతం రికార్డులు, బొమ్మలు గీయడానికి రంగులు. అన్నీ చేతికి అందేవి. చిత్రలేఖనం ఆయన్ని చివరి వరకు వదల్లేదు.

1931లో మెహర్‌బాయి లుకేమియాతో చనిపోయారు. అది రక్తానికి వచ్చే క్యాన్సర్. ఇంగ్లండ్ తీసుకెళ్లి వైద్యం చేయించినా ఫలితం లేకపోయింది. డబ్బుకు లోటు లేని ఇల్లు, కానీ డబ్బుతో కొనడానికి అప్పట్లో మందే లేదు. మరుసటి ఏడాది దొరాబ్జీ ఆమె పేరున లుకేమియా పరిశోధనకు ట్రస్టు పెట్టారు. తన ఆస్తిలో దాదాపు అంతా ఇంకో ట్రస్టుకు రాసేశారు. భార్య సమాధి చూడడానికి ఇంగ్లండ్ బయలుదేరి, దారిలో జర్మనీలోనే కన్నుమూశారు. ఆ ట్రస్టు డబ్బుతోనే బొంబాయి పరేల్‌లో టాటా మెమోరియల్ ఆసుపత్రి కట్టారు. 1941 ఫిబ్రవరి 28న తలుపులు తెరిచారు.

మెహర్‌బాయి పోయినప్పుడు హోమీకి ఇరవై ఒక్క ఏళ్లు. కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నాడు. అత్త పోయిన జబ్బు మీద పనిచేసే ఆసుపత్రి, మూడు దశాబ్దాల తర్వాత తన శాఖ చేతికే వస్తుందని అప్పుడు అతనికి తెలియదు.

ఉక్కు కర్మాగారానికి వెళ్లాల్సిన కుర్రాడు

1927లో హోమీని కేంబ్రిడ్జ్ పంపింది మెకానికల్ ఇంజనీరింగ్ చదవమని. తండ్రి, దొరాబ్జీ ఇద్దరి లెక్క ఒక్కటే. చదువు ముగించి వచ్చి జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కర్మాగారంలో పని అందుకోవాలి. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వస్తే చాలు జీవితం గట్టెక్కినట్టే అనుకునే ఊరు మనది. ఆ తండ్రి ఆశ మనకి బాగానే అర్థమవుతుంది.

కానీ కుర్రాడి మనసు ఫిజిక్స్ మీద పడింది. ఇంటికి ఉత్తరం రాసి, ఉద్యోగమో పెద్ద పదవో తనకు అక్కర్లేదని, ఫిజిక్స్ తప్ప ఇంకేమీ చేయలేనని గట్టిగా చెప్పేశాడు. తండ్రి కోప్పడలేదు. షరతు పెట్టాడు. ముందు ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసవ్వు, తర్వాత గణితం చదవడానికి డబ్బు నేను పంపిస్తాను అన్నాడు. 1930లో కొడుకు ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాడు. తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. 1932లో గణితంలోనూ ఫస్ట్ క్లాసే. పిల్లల చదువు విషయంలో ఇంట్లో గొడవలు పడే తల్లిదండ్రులు ఈ ఒప్పందం ఒకసారి గుర్తు చేసుకోవచ్చు.

ఉక్కు కర్మాగారానికి వెళ్లకుండా తప్పించుకున్న ఆ కుర్రాడి పేరున్న ఆసుపత్రి ఇప్పుడు మన ఉక్కు కర్మాగారం పక్కనే ఉండడం తమాషాగా ఉంటుంది.

ఆకాశం నుంచి వచ్చే కణాలు

కేంబ్రిడ్జ్‌లో అవి పెద్ద పెద్ద కనుగోళ్ల రోజులు. భాభా ఎంచుకున్నది కాస్మిక్ కిరణాలు. అంతరిక్షం నుంచి భూమి మీదకి రాత్రింబవళ్లు కురిసే కణాలు ఇవి. ఇప్పుడు, ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా మన ఒంట్లోంచి దూసుకుపోతూనే ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లు. హీలియం, కార్బన్, ఇనుము లాంటి బరువైన పరమాణు కేంద్రకాలు కూడా కొన్ని ఉంటాయి.

ఇలాంటి కణం గాల్లోనో లోహంలోనో దూరితే దానికి ఏమవుతుంది? ఎంత శక్తి ఎక్కడ పోగొట్టుకుంటుంది? భాభా తన యవ్వనమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగారు. 1935లో ఎలక్ట్రాన్, దాని జంట పాజిట్రాన్ ఒకదాన్నొకటి ఎలా ఢీకొంటాయో లెక్క కట్టారు. దాన్ని ఈ రోజుకీ భాభా స్కాటరింగ్ అనే పిలుస్తారు. 1937లో వాల్టర్ హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఇంకో సంగతి తేల్చారు. బాగా శక్తి ఉన్న ఒక్క ఎలక్ట్రాన్ వాతావరణంలోకి వస్తే, ఒకటి రెండై, రెండు నాలుగై, దీపావళి చిచ్చుబుడ్డిలా వేల కణాల జల్లు ఎలా అవుతుందో లెక్కతో చూపించారు.

ఆయన క్యాన్సర్ గురించి ఆలోచిస్తూ ఈ పని చేయలేదు. ఆయనే రేడియేషన్ వైద్యం కనిపెట్టాడని ఎవరైనా చెబితే అది అబద్ధం. కానీ కణం ఒక వస్తువులోకి దూరితే తన శక్తిని ఎక్కడ దించుతుంది అన్న ఆ ప్రశ్నే, పదేళ్ల తర్వాత అమెరికాలో ఒక ఫిజిక్స్ పరిశోధకుణ్ణి వైద్యం వైపు నడిపించింది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

సెలవులకు వచ్చి ఉండిపోయారు

1939లో భాభా సెలవులకు ఇండియా వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ ఫిజిక్స్ విభాగానికి పెద్ద సి.వి.రామన్. 1941లో, అంటే ముప్పై ఒకటో ఏట, లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. యుద్ధం ముగిశాక ఏ దేశానికైనా పెద్ద జీతంతో వెళ్లగలిగే మనిషి ఆయన.

వెళ్లలేదు. 1944 మార్చిలో టాటా ట్రస్టుకు ఉత్తరం రాసి, ఫిజిక్స్ పరిశోధనకు సొంత సంస్థ కావాలని అడిగారు. ఎప్పుడో అణుశక్తి కేంద్రాలు పెట్టే రోజు వస్తే నిపుణుల కోసం బయటి దేశాల మొహం చూడకూడదన్నది ఆయన వాదన. అప్పటికి హిరోషిమా మీద బాంబు కూడా పడలేదు. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ మొదలైంది. బొంబాయిలో దాని తొలి చిరునామా పెడ్డర్ రోడ్డులో ఆయన పిన్నిగారి బంగళాలో కొంత భాగం. ఆయన పుట్టిన ఇల్లు కూడా అదే.

తర్వాత కొలాబా సముద్రం ఒడ్డున సొంత భవనం కట్టినప్పుడు చెట్లు, తోట, గోడల మీద బొమ్మలు అన్నీ స్వయంగా చూసుకున్నారు. అక్కడి ముందు హాల్లో ఉన్న పెద్ద గోడచిత్రం ఎం.ఎఫ్.హుస్సేన్ వేసినది. పేరు భారత భాగ్య విధాత.

ట్రాంబే రోజులు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, అణుశక్తి కమిషన్ పెట్టి నెహ్రూ దాని బాధ్యత భాభాకు ఇచ్చారు. 1954లో అణుశక్తి శాఖ ఏర్పడితే దాని కార్యదర్శి కూడా ఆయనే. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలైంది. ఆసియాలో, సోవియట్ భాగాన్ని పక్కన పెడితే, అదే మొదటిది.

మన తెలుగువాడు అయ్యగారి సాంబశివరావు అక్కడే ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. 1967లో హైదరాబాద్‌లో ఇసిఐఎల్ పుట్టింది ఆ పనిలోంచే. ఎ.ఎస్.రావు నగర్ అంటే ఆయన పేరే. 1962లో అంతరిక్ష పరిశోధన కమిటీ కూడా భాభా శాఖ కిందే, విక్రమ్ సారాభాయ్ నాయకత్వంలో మొదలైంది. రామేశ్వరం నుంచి వచ్చిన అబ్దుల్ కలాం అనే యువ ఇంజనీరు చేరింది అందులోనే.

భాభాను పొగిడేవాళ్లే కాదు, విమర్శించేవాళ్లూ ఉన్నారు. పేద దేశానికి ఇంత ఖర్చు ఎందుకని అప్పుడే అడిగారు. కరెంటు గురించి ఆయన వేసిన అంచనాలు కొన్ని నిజం కాలేదు. 1964లో చైనా అణుబాంబు పేల్చాక, ఇండియా కూడా చేయగలదన్న అర్థం వచ్చేలా రేడియోలో మాట్లాడారు. దాని మీద ఈ రోజుకీ చర్చ ఉంది. అణువు బాంబూ అవుతుంది, మందూ అవుతుంది. ఆ రెండు దారులూ ఆయన బల్ల మీద నుంచే వెళ్లాయి.

1962: ఆసుపత్రిని అడిగి తీసుకున్న శాఖ

మన కథకు అసలు మలుపు ఇక్కడే. పరేల్ టాటా ఆసుపత్రిని 1957లో కేంద్ర ఆరోగ్య శాఖ తీసుకుంది. 1962లో అది అణుశక్తి శాఖ కిందికి మారింది. ఆసుపత్రికి, అణుశక్తికి ఏమిటి సంబంధం అని ఎవరికైనా అనిపిస్తుంది. భాభాకు ఆ సంబంధం స్పష్టంగా కనిపించింది. క్యాన్సర్ వైద్యంలో రేడియేషన్ పాత్ర పెరుగుతోంది. రియాక్టర్లలో తయారయ్యే ఐసోటోపులు జబ్బు కనిపెట్టడానికీ, తగ్గించడానికీ పనికొస్తాయి. కిరణాలు తెలిసిన ఫిజిక్స్ మనుషులు, రోగిని చూసే డాక్టర్లు ఒకే గొడుగు కింద ఉండాలన్నదే ఆయన ఆలోచన.

అప్పటి నుంచి ఇప్పటి దాకా టాటా మెమోరియల్‌కు డబ్బు వచ్చేది అణుశక్తి శాఖ నుంచే. పేదవాళ్లకు అక్కడ ఉచితంగానో, నామమాత్రం ఖర్చుతోనో వైద్యం అందుతోందంటే దాని వెనుక ఈ నిర్ణయం ఉంది. అగనంపూడిలో మనకు ఆసుపత్రి వచ్చింది కూడా ఆ గొడుగు కిందే. తర్వాత రోజుల్లో భాభా అణు పరిశోధన కేంద్రం భాభాట్రాన్ అనే కోబాల్ట్ రేడియేషన్ యంత్రాన్ని మన దేశంలోనే తయారు చేసింది. వియత్నాంకి కూడా ఒకటి ఇచ్చారు.

మరి జపాన్ కార్బన్ కిరణం?

ఇప్పుడు చాచా కొడుకు అడిగిన ప్రశ్నకి వద్దాం. మామూలు రేడియేషన్‌లో వాడేది ఎక్స్‌రే లాంటి కిరణం. పోర్టు నుంచి లోడుతో బయలుదేరిన లారీకి టార్పాలిన్ సరిగ్గా కట్టలేదనుకోండి. దారి పొడవునా బొగ్గు రాలుతూ పోతుంది. ఎక్స్‌రే కూడా అంతే. గడ్డకు ముందున్న మంచి కండకీ, గడ్డ దాటాక ఉన్న కండకీ కూడా కొంత దెబ్బ తగులుతుంది.

ప్రోటాన్, కార్బన్ లాంటి కణాలు సీలు వేసిన కంటైనర్ లాంటివి. దారిలో తక్కువగా దించుతూ పోయి, ఆగే చోట అన్నిటికంటే ఎక్కువ శక్తిని ఒక్కసారిగా దించుతాయి. ఎంత లోతులో ఆగాలో వేగాన్ని బట్టి ముందే లెక్క కట్టొచ్చు. ఈ గుణాన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికన్ రాశారు. కార్బన్ ప్రోటాన్ కంటే పన్నెండు రెట్లు బరువు కాబట్టి గడ్డలోని కణాలకు తగిలే దెబ్బ కూడా గట్టిది. 1994లో జపాన్‌లోని చిబాలో కార్బన్ కిరణంతో రోగులకు వైద్యం మొదలైంది. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముందు పద్దెనిమిది సార్లు ఇచ్చేవాళ్లు. తర్వాత తొమ్మిది, నాలుగు, చివరికి ఒక్కసారి దాకా తగ్గించారు.

అంటే మెసేజ్‌లో ఒక ముక్క నిజమే. మిగతా ముక్కలు రాయలేదు. ఆ ఒక్కసారి వైద్యం చిన్న గడ్డ, ఒకే చోట, ఎక్కడికీ పాకని తొలిదశ వాళ్లకి. ఊపిరి తీసినప్పుడల్లా గడ్డ కదులుతుంది కాబట్టి ఊపిరితో కలిపి కిరణం వదలాలి, అదొక కష్టం. జబ్బు గ్రంథులకో, ఎముకలకో, మెదడుకో పాకితే ఒక చోట దించే కిరణం ఎంత గొప్పదైనా సరిపోదు. అప్పుడు ఒళ్లంతా తిరిగే మందు కావాలి. పైగా తొలిదశ రోగులకు ఆపరేషన్ ఉంది. ఆపరేషన్ కుదరనివాళ్లకు గురిచూసి కొన్ని సిట్టింగుల్లో ఇచ్చే ఎక్స్‌రే రేడియేషన్ మన దేశంలోనే ఉంది, దాని ఫలితాలూ బాగుంటాయి. ప్రోటాన్ వైద్యం చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 2019 నుంచి, నవీ ముంబై ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్ల దగ్గర ఆ తర్వాత మొదలైంది. కార్బన్ మాత్రం మన దేశంలో ఇంకా లేదు. ఆ యంత్రానికి ఒక పెద్ద భవనమంత చోటు, వందల కోట్ల ఖర్చు కావాలి. ప్రపంచం మొత్తంలో కొన్ని చోట్లే ఉంది.

చాచా రిపోర్టులు అగనంపూడిలో చూపించారు. జబ్బు అప్పటికే పాకింది. జపాన్ వెళ్లినా ఆ కిరణం ఆయనకు పనికిరాదని డాక్టర్లు వివరంగా చెప్పారు. ఇల్లు అమ్మలేదు. మందులు అక్కడే నడుస్తున్నాయి. కొడుకు బాధ అంతా ఒక్కటే, ఆ మొదటి నెలల్లోనే స్కాన్ తీయించి ఉంటే అని. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను టీబీ అనుకుని మందులు మింగుతూ కాలం పోగొట్టుకునేవాళ్లు చాలామంది. దగ్గు మూడు వారాలు దాటినా, కఫంలో రక్తం పడినా, ఒళ్లు తగ్గిపోతున్నా సిరప్ మార్చుకుంటూ కూర్చోకూడదు. కఫం పరీక్షలో టీబీ అని తేలకుండా మందులు నడుస్తుంటే, లేదా వాడినా తగ్గకపోతే, సీటీ స్కాన్ అవసరమా అని మనమే అడగాలి. బీడీ మానడం గురించి జుమా రోజున మస్జిద్ బయట పెద్దలు ఒక మాట చెప్పినా మేలే.

మాంట్ బ్లాంక్ మీద

1966 జనవరి 24. లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో చనిపోయి రెండు వారాలు కూడా కాలేదు. ఢిల్లీలో ఇందిరా గాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజు. వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి భాభా వెళ్తున్నారు. ఆయన ఎక్కిన ఎయిర్ ఇండియా బోయింగ్ విమానం పేరు కాంచన్‌జంగా. జెనీవాలో దిగబోయే ముందు ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ కొండకు తగిలింది. విమానంలో ఉన్న 117 మందిలో ఒక్కరూ బతకలేదు. భాభాకు యాభై ఆరేళ్లు. కుట్ర అని రకరకాల కథలు తిరుగుతుంటాయి. విచారణలో తేలింది మాత్రం కొండ దాటామో లేదో అన్న విషయంలో విమానానికి, కంట్రోల్ టవర్‌కి మధ్య జరిగిన పొరపాటు.

పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. మరుసటి ఏడాది ట్రాంబే సంస్థకు ఆయన పేరు పెట్టారు. తర్వాత వారణాసి, సంగ్రూర్, విశాఖ లాంటి చోట్ల టాటా మెమోరియల్ ఆసుపత్రులకు ఆ పేరే వచ్చింది.

మనిషి చనిపోయాక కూడా పుణ్యం ఆగని పనులు కొన్ని ఉంటాయని, నలుగురికి పనికొచ్చే ఇల్మ్ అందులో ఒకటని మనకు చిన్నప్పటి నుంచి నేర్పిస్తారు. మనిషి ఏ మతం వాడైనా అలాంటి పనిని గుర్తుపెట్టుకోవడం మన బాధ్యతే. దర్గా కొండ మీద నిలబడితే ఒక పక్క పోర్టు క్రేన్లు, బొగ్గు కుప్పలు కనిపిస్తాయి. అక్కడ పనిచేసిన ఊపిరితిత్తులు ఈ రోజు వైద్యం కోసం రెండు రోజుల రైలు ప్రయాణం చేయక్కర్లేదు, బస్సెక్కి అగనంపూడిలో దిగితే చాలు. ఈసారి ఎవరినైనా అక్కడికి తీసుకెళ్తే గేటు దగ్గర బోర్డు ఒకసారి చదవండి. మా చాచాకి, అక్కడ వరసలో కూర్చున్న అందరికీ షిఫా కోసం దువా చేయండి.